మిషను వచ్చినప్పుడల్లా మనిషికి ఏమైంది?

*ఆదివారం మాట*
(మన గ్రూపు సమావేశంలో చెప్పిన ప్రసంగం. ఓటీ పడి రాలేకపోయిన వాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నాం. కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. చదవడం రాని తోటివాళ్ళు గదిలో ఉంటే చదివి వినిపించండి.)



పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా సైట్‌కి గోడలు, బాత్రూములు అన్నీ ఫ్యాక్టరీలో తయారై ట్రైలర్ మీద వస్తన్నాయి. క్రేన్ ఎత్తి పెడతంది, మేం బిగిస్తన్నాం. ముందు సైట్‌లో నలభై మందిమి చేసిన పని ఇక్కడ పదిహేను మందిమి చేస్తన్నాం. ఇంకో రెండేళ్ళకి మనతో పనుంటదా?" అని. దాని కింద చాలామంది "అవును, మా దగ్గర కూడా అంతే" అని రాశారు. అందుకే ఈ వారం దీని మీదే మాట్లాడదాం అనుకున్నాం.

ఈ ప్రశ్న కొత్తది కాదు. పని చేసే పద్ధతి మారిన ప్రతిసారీ మనలాంటి వాళ్ళు ఇదే అడిగారు. అప్పుడు ఏం జరిగిందో తెలుసుకుంటే ఇప్పుడు మనం ఏం చెయ్యాలో కొంత తెలుస్తుంది. ముందు పాత కథ చెప్తాను. చివర్లో మీ పర్మిట్‌కి, మీ జీతానికి పనికొచ్చే మాటలు చెప్తాను. ఓపిక పట్టండి.

*నాగలి వచ్చిన కాలం*

మనిషి చాలా వేల ఏళ్ళు వేటాడి, దుంపలు తవ్వి, కాయలు ఏరుకుని బతికాడు. సుమారు పది పన్నెండు వేల ఏళ్ళ కిందట పడమటి ఆసియాలో గోధుమ, బార్లీ సాగు మొదలైంది. చైనాలో యాంగ్జీ నది వైపు వరి మొదలైంది. మన వైపు కూడా దానికి గుర్తులున్నాయి. మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఉట్నూరు దగ్గర ఒక పాత బూడిద దిబ్బ ఉంది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు దాన్ని తవ్వి చూస్తే, అది నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పశువుల దొడ్డి అని తేలింది. పేడ పోగుపడి, కాలి, మళ్ళీ పోగుపడి దిబ్బ అయింది. పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. ఆ కాలం వాళ్ళే మన దక్కన్‌లో పశువుల్ని మేపుతూ ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించారు.

పంట వచ్చాక ఏం మారింది? మనిషి ఒకచోట ఇల్లు కట్టుకున్నాడు. గింజలు దాచుకున్నాడు. పిల్లలు పెరిగారు, ఊళ్ళు పెరిగాయి. పని మాత్రం తగ్గలేదు. దున్నాలి, కలుపు తియ్యాలి, కాపలా కాయాలి, నూర్చాలి. దాచిన గింజలున్నాయి కాబట్టి పొలం దున్నకుండా బతికేవాళ్ళు కూడా వచ్చారు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి వచ్చారు. వాళ్ళకి కళ్ళంలో "మేర" కొలిచి ఇచ్చేవాళ్ళు, మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళతో పాటు పన్ను వసూలు చేసేవాడూ వచ్చాడు, గాదె తాళం చెవి పట్టుకున్నవాడూ వచ్చాడు.

కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో రామప్ప, పాకాల లాంటి చెరువులు కట్టారు. ఈ రోజుకీ వాటి కింద పంట పండుతోంది. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. తట్ట మోసినవాళ్ళ పేర్లు లేవు. చెరువు తవ్వినవాడు ఒకడు, దాని కింద భూమి ఉన్నవాడు ఇంకొకడు. తెలంగాణలో దొరల కింద వెట్టి 1940లలో కూడా నడిచిందంటే, పంట పెరగడం వేరు, పండించినవాడి బతుకు మారడం వేరు అని మనకి తెలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

*ఆవిరి, గంట*

ఇప్పుడు ఇంగ్లండ్ పోదాం. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే ఆయన క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో నీటితో తిరిగే నూలు మిల్లు పెట్టాడు. అదే కాలంలో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని బాగుచేశాడు. అప్పటిదాకా నూలు వడకడం ఇంట్లో పని. పొద్దు చూసుకుని, పిల్లల్ని చూసుకుంటూ, పొలం పని లేనప్పుడు చేసేవాళ్ళు. మిల్లు వచ్చాక గంట కొడితే లోపలికి వెళ్ళాలి. 12 గంటల షిఫ్టు. రాత్రి షిఫ్టు కూడా. సూర్యుడి పని పోయి గడియారం పని వచ్చింది. మన షిఫ్టులు, పంచ్ కార్డులు, ముఖం చూపిస్తే తెరుచుకునే గేట్లు, అన్నిటికీ మూలం అక్కడే ఉంది.

1811 నుంచి 1816 దాకా ఇంగ్లండ్‌లో కొంతమంది నేత పనివాళ్ళు రాత్రిపూట వెళ్ళి మగ్గాలు పగలగొట్టారు. లడ్డైట్లు అంటారు వాళ్ళని. మిషనంటే గిట్టని మొరటువాళ్ళు అని ఇప్పటికీ వాళ్ళ పేరు తిట్టుగా వాడతారు. నిజానికి వాళ్ళు ఏళ్ళ తరబడి మిషను మీద పని చేసిన నిపుణులే. పని నేర్వనివాళ్ళని తక్కువ కూలికి పెట్టి, నాసి సరుకు తీసి, మా కూలి కొడుతున్నారు అన్నది వాళ్ళ గొడవ. 1812లో మగ్గం పగలగొడితే ఉరి అని చట్టం వచ్చింది. మిషన్లు ఆగలేదు.

ఆగకపోయినా ఒకటి మారింది. మిల్లుల్లో చిన్నపిల్లలు కూడా పనిచేసేవాళ్ళు. 1802లోనే ఒక చట్టం చేశారు గానీ చూసేవాడు లేక అది కాగితం మీదే ఉండిపోయింది. 1833 చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు బట్టల మిల్లుల్లో పని చెయ్యకూడదంది. దాంతో పాటు నలుగురు ఇన్‌స్పెక్టర్లని పెట్టింది. అడిగేవాడు వచ్చాకే చట్టానికి ప్రాణం వచ్చింది. 1847లో ఆడవాళ్ళకి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకి రోజుకు 10 గంటలు మించకూడదన్నారు. ప్రపంచానికంతా రోజుకు 8 గంటలు అని అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందం చేసింది 1919లో. లెక్క వెయ్యండి: ఆ మిల్లు పెట్టిన రోజు నుంచి 148 ఏళ్ళు. మిషను వచ్చిన వెంటనే లాభం మొదలైంది. ఆ లాభంలో పనివాడికి కాస్త విశ్రాంతి దొరకడానికి ఐదారు తరాలు పట్టింది. అదీ అడగ్గా అడగ్గా.

*మన ఊరికి ఎలా వచ్చింది*

మన మచిలీపట్నం బట్ట ఒకప్పుడు ప్రపంచమంతా కట్టింది. 1611లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టింది మన అద్దకం బట్టల కోసమే. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ మిల్లు బట్ట చౌకగా వచ్చి పడేసరికి మన నేతగాళ్ళకి గిరాకీ పోయింది. చాలామంది మగ్గం వదిలి కూలికి పోయారు. యంత్రం మన ఊళ్ళోకి రాకుండానే మన పని పట్టుకుపోయింది.

అదే కాలంలో 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో జనం లక్షల్లో చచ్చిపోయారు. ఆ తరవాత ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. గోదావరి డెల్టా మారిపోయింది. ఈ రోజుకీ పది లక్షల ఎకరాలు ఆ నీళ్ళతో తడుస్తున్నాయి. కాటన్ దొరకి అక్కడ ఊరూరా విగ్రహాలున్నాయి, న్యాయమే.

కానీ నీళ్ళు అందరికీ అందలేదు. భూమి లేనివాడికి కాలవ వచ్చినా కూలే. పైన విశాఖ, గంజాం జిల్లాలకి గోదావరి కాలవే లేదు. వాళ్ళు ఓడెక్కారు. కాకినాడ దగ్గర కొరంగి రేవు నుంచి, తరవాత కాకినాడ, విశాఖ రేవుల నుంచి బర్మా వెళ్ళారు. అందుకే బర్మాలో తెలుగువాళ్ళని "కొరంగీలు" అన్నారు. శ్రీకాకుళం వైపు ఇప్పటికీ ముసలాళ్ళు "రంగం పోయాడు" అంటారు, అంటే రంగూన్ వెళ్ళాడని. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో చేసింది ఎక్కువ మనవాళ్ళే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ అప్పు తీరేదాకా కూలి అతని చేతిలోనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మన డార్మ్‌కి కూడా పనికొస్తుంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కాంట్రాక్టర్లు బర్మా వాళ్ళని పనిలో పెట్టారు. కొద్ది రోజులకి తెలుగువాళ్ళతో రాజీ కుదిరింది, బర్మా వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. పని దొరికిందని భార్య చేత అన్నం మూట కట్టించుకుని వచ్చినవాడికి రేవు దగ్గర పని లేదన్నారు. గొడవ మొదలైంది, ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కూలి ఇచ్చేవాళ్ళకి ఏమీ కాలేదు. కూలీలు కూలీల్ని చంపుకున్నారు. తరవాత 1942లో జపాన్ యుద్ధం వస్తే లక్షలమంది అడవుల్లో నడిచి ఇండియాకి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉందంటే దాని వెనక బర్మా నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళ కథే ఉంది.

మన పక్క బెడ్డు బంగ్లాదేశ్ తమ్ముడు, ఎదుటి గదిలో చైనా అన్న, మయన్మార్ తమ్ముడు. "వాళ్ళు తక్కువకి చేస్తారు, అందుకే మన ఓటీ పోయింది" అని కోపం వచ్చినప్పుడు రంగూన్ రేవు గుర్తు చేసుకోండి. వాడూ మనలాగే అప్పు చేసి వచ్చినవాడే.

*సింగపూర్ ఎలా తయారైంది*

1877లో 22 రబ్బరు మొక్కలు సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కి వచ్చాయి. ఆదివారం మీరు ఫోటోలు దిగే తోటే. 1888లో ఆ తోటకి అధికారిగా వచ్చిన రిడ్లీ, చెట్టు చావకుండా పాలు గీసే పద్ధతి కనిపెట్టాడు. అమెరికా, యూరప్‌లో మోటారు కార్లు పెరిగాయి, టైర్లకి రబ్బరు కావాలి. మలయా అంతా రబ్బరు తోటలైంది. వాటిలో పనికి తమిళులతో పాటు మన తెలుగువాళ్ళు కూడా వెళ్ళారు, రబ్బరుకీ, కొబ్బరి తోటలకీ. అక్కడ మేస్త్రీ స్థానంలో కంగాణి. ఊరికొచ్చి అప్పు ఇచ్చి మనుషుల్ని పట్టుకెళ్ళేవాడు. 1930ల్లో రబ్బరు ధర పడిపోతే కూలి తగ్గించారు, వేలమందిని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. 1938లో ఇండియా ప్రభుత్వం మలయాకి కూలీల్ని ఖర్చులిచ్చి పంపడం ఆపేసింది.

ఫ్యాక్టరీ ఎక్కడో ఉంది, దానికి కావలసిన పచ్చి సరుకు మన చేతులు తీశాయి. సరుకు ధర పడితే ముందు పడింది మన కూలే.

సింగపూర్‌లో పెద్ద పరిశ్రమలు వచ్చింది 1961 తరవాత. ఆ ఏడాది ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు పెట్టారు. జురాంగ్ అప్పుడు చిత్తడి నేల, రొయ్యల చెరువులు. గోహ్ కెంగ్ స్వీ అక్కడ ఫ్యాక్టరీలు కడతానంటే "గోహ్ పిచ్చి పని" అని నవ్వారు. ఇప్పుడు జురాంగ్, టువాస్ వైపు లారీ దిగే మీకు ఆ పని ఏమైందో నేను చెప్పక్కర్లేదు. 1968లో ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ వచ్చింది. పెట్టుబడులు రావాలని అది కొన్ని సెలవులు, బోనస్‌లు తగ్గించింది కూడా. కానీ వారానికి 44 గంటలు, ఓటీకి లెక్క అనే గీత గీసింది. ఆ గీత మీకూ వర్తిస్తుంది.

*మనం ఎందుకు ఇక్కడున్నాం*

1967లో పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు లాంటివాళ్ళు ఐఆర్-8 వరి వేశారు. తరవాత మార్టేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. ఎరువు, బోరు, ట్రాక్టరు, చివరికి కోత మిషను. ఒకప్పుడు ఎకరం కొయ్యడానికి ముఠాగా ఆడకూలీలు దిగేవాళ్ళు. ఇప్పుడు మిషను గంట, గంటన్నరలో కోసి గింజలు ట్రాక్టర్లో పోసి వెళ్ళిపోతుంది. తిండికి కరువు తగ్గింది, అది చిన్న విషయం కాదు. అదే చేత్తో మన అమ్మల కోత కూలీ పోయింది. చిన్న రైతుకి పెట్టుబడి పెరిగింది, అప్పు పెరిగింది. ఇంట్లో చదివిన కొడుకు ఏజెంటుకి డబ్బు కట్టి వెల్డింగ్ టెస్ట్ రాసి ఇక్కడికి వచ్చాడు. అంటే మనం మిషను వల్లే ఊరు వదిలాం. ఇక్కడ కూడా మిషను వెనకే వస్తోంది.

*ఇప్పుడు ఏం జరుగుతోంది*

2019లో క్లెమెంటి వైపు 40 అంతస్తుల టవర్లు రెండు పూర్తయ్యాయి. వాటిని 1,866 పెట్టెల్లాంటి గదులు ముందే తయారుచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. 2022లో టువాస్ కొత్త పోర్టుని అధికారికంగా తెరిచారు, అక్కడ కంటైనర్ మోసే బండ్లకి డ్రైవర్లు లేరు. 2040లలో అది పూర్తవుతుంది. ఇది ఆగదు.

మరి తమ్ముడి ప్రశ్నకి జవాబు? పని పూర్తిగా పోదు. తట్ట మోసే పని, పారపట్టే పని తగ్గుతుంది. బిగించే పని, క్రేన్ కింద సిగ్నల్ ఇచ్చే పని, కొలిచే పని, మిషను చూసుకునే పని ఉంటుంది. ఆ పనిలోకి ఎవరు వెళ్తారన్నదే ప్రశ్న. నేర్చుకుని వెళ్ళినవాడు ఉంటాడు. లడ్డైట్ల కాలంలో పనివాడి చేతిలో చట్టం లేదు, కాగితం లేదు. మన చేతిలో రెండూ ఉన్నాయి. వాడుకోవాలి, అంతే.

*నాలుగు పనులు*

1. *గంటలు మీరే రాసుకోండి.* వారానికి 44 గంటలు దాటితే ఓటీ, గంటకి మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు. ఓటీతో కలిపి రోజుకి 12 గంటలు, నెలకి 72 గంటల ఓటీ మించకూడదన్నది మామూలు రూలు. వారానికి ఒక విశ్రాంతి రోజు. యజమాని అడిగి ఆ రోజు సగం పూట దాటి చేయిస్తే రెండు రోజుల జీతం. ఫోన్‌లో రోజూ వచ్చిన టైము, పోయిన టైము రాయండి. రెండు నిమిషాల పని.

2. *పే స్లిప్ దాచుకోండి.* 2016 ఏప్రిల్ నుంచి వివరాలతో పే స్లిప్ ఇవ్వడం తప్పనిసరి. జీతం నెల అయిన 7 రోజుల్లో, ఓటీ 14 రోజుల్లో పడాలి. మీ లెవీ మీ జీతంలో కొయ్యకూడదు. ఉద్యోగం ఇచ్చినందుకో, పర్మిట్ పొడిగించినందుకో యజమాని డబ్బు అడగడం నేరం. ఇక్కడి ఏజెన్సీ ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, ఎంతైనా రెండు నెలల జీతం మించి తీసుకోకూడదు. జీతం రాకపోతే టాడమ్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పనిలో ఉంటే ఏడాది లోపు, పని మానేస్తే ఆరు నెలల లోపు పెట్టాలి. గడువు దాటిపోయాక మా దగ్గరికి వస్తే మేం కూడా ఏమీ చెయ్యలేం.

3. *దెబ్బ తగిలితే ఆ రోజే చెప్పండి.* తప్పు ఎవరిదైనా సరే, పనిలో తగిలిన దెబ్బకి పరిహార చట్టం ఉంది. లాయరు అక్కర్లేదు. ఏడాది లోపు క్లెయిమ్ వెయ్యాలి. పర్మిట్ క్యాన్సిల్ అయినా హక్కు పోదు. "చిన్న దెబ్బే, ఊరుకో" అని ఎవరన్నా డాక్టరు కాగితం తీసుకోండి.

4. *పని నేర్చుకోండి, కాగితం తెచ్చుకోండి.* కన్‌స్ట్రక్షన్‌లో హయ్యర్ స్కిల్ మనిషికి కంపెనీ కట్టే లెవీ నెలకి 500 డాలర్లు, బేసిక్ స్కిల్ మనిషికి 900. 2024 నుంచి ఇదే లెక్క. అంటే మీరు స్కిల్ పెంచుకుంటే కంపెనీకి నెలకి 400 మిగులుతుంది. జీతం మాట మాట్లాడేటప్పుడు ఈ లెక్క మీకు తెలిసి ఉండాలి. 2025 జూలై నుంచి వర్క్ పర్మిట్‌కి ఇన్నేళ్ళే అనే పరిమితి తీసేశారు, వయసు 63 దాకా పెంచారు. కాబట్టి ఇప్పుడు నేర్చుకున్నది పదేళ్ళు, పదిహేనేళ్ళు పనికొస్తుంది. ఆదివారం రెండు గంటలు నిద్ర తగ్గించుకోమని అడుగుతున్నాను. కష్టమే. కానీ ఆర్వన్ అయిన అన్నల్ని అడగండి, వాళ్ళే చెప్తారు.

చివరిగా ఒక మాట. నాగలి, చెరువు, ఆనకట్ట, మిల్లు, రబ్బరు తోట, జురాంగ్, అన్నిటిలోనూ సంపద పెరిగింది. అది పనివాడి ఇంటికి దానంతటది నడిచి రాలేదు. లెక్క తెలిసినవాడు, కాగితం దాచినవాడు, తోటివాడితో కలిసి అడిగినవాడు తెచ్చుకున్నాడు. మీ నాన్నకి కాంట్రాక్టు చూపించే మేస్త్రీ లేడు. మీకు ఫోన్‌లోనే అన్నీ కనిపిస్తున్నాయి. ఊళ్ళో పిల్లలతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు "బాగా చదువు" అని చెప్తాం కదా, మనం కూడా చదువుదాం.

వచ్చే ఆదివారం పే స్లిప్ ఎలా చదవాలో కూర్చుని చూద్దాం. మీ పాత స్లిప్పులు ఫోటో తీసి తెచ్చుకోండి. పేరు, కంపెనీ కనపడకుండా దాచి గ్రూపులో పెట్టినా సరే. సందేహాలుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, రాయడం రాకపోయినా పర్లేదు.

జాగ్రత్తగా పని చెయ్యండి. హెల్మెట్, బెల్ట్ మర్చిపోకండి. ఉంటాను.